ఆరోగ్యకరమైన బిస్కెట్టు అనే బ్రహ్మపదార్థం

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త కోపంలో రాస్తున్నది. నేను డాక్టర్నీ కాదు, న్యూట్రిషనిస్టునీ కాదు. పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకొకళ్ళు రాసిన కోడులో తప్పులు వెతుక్కుంటూ బతికే మామూలు సాఫ్ట్‌వేర్ ప్రాణిని. కాకపోతే నాకు చదవడం వచ్చు, కూడికలూ గుణకారాలూ వచ్చు. ఈ విషయానికి ఆ రెండూ చాలు.

పోయిన నెల ఓ శనివారం పొద్దున్నే అక్క ఫోను. చిన్నిదానికి రాత్రంతా పన్ను నొప్పిట, బావగారు ఊళ్ళో లేరు, కాస్త కారు తీసుకుని రారా అని. చిన్నిదంటే నా మేనకోడలు, ఆరేళ్ళు. సరేనని వాళ్ళింటి దగ్గర్లోనే ఉన్న పిల్లల పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ చూసి, ఎక్స్‌రే తీసి, నాలుగు పళ్ళు పుచ్చాయి, అందులో రెండిటికి లోపల నరం దాకా వెళ్ళింది, రూట్ కెనాల్ లాంటిది చెయ్యాలి అన్నారు.

నేను ఊరుకోవచ్చుగా? "ఎలాగూ ఊడిపోయే పాలపళ్ళే కదండీ" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. ఆవిడ నా వంక ఓ చూపు చూసి, "వెనకాల దవడపళ్ళు పదేళ్ళు, పన్నెండేళ్ళు వచ్చేదాకా ఉంటాయండీ. అప్పటిదాకా పాప దేంతో నమలాలి?" అన్నారు. పైగా ఆ పళ్ళు ముందే పోతే, కింద నుంచి వచ్చే పళ్ళకి చోటు సరిపోక అవి వంకరగా వస్తాయట. నోరు మూసుకున్నా.

తర్వాత "రోజంతా ఏం తింటుందో చెప్పండి" అని అడిగారు. అక్క చెప్పింది. పొద్దున్న పాలల్లో చాక్లెట్ రుచి పొడి. బళ్ళో పదింటికి స్నాక్ బాక్సులో రాగి బిస్కెట్లు. మధ్యాహ్నం అన్నం. బడి నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఓ మామిడి జ్యూసు డబ్బా. సాయంత్రం ఓట్స్ కుకీలు. రాత్రి పడుకునే ముందు మళ్ళీ పొడి కలిపిన పాలు. "చాక్లెట్లు మాత్రం అస్సలు పెట్టనండీ" అంది అక్క, కాస్త గర్వంగానే.

డాక్టరుగారు కోప్పడలేదు. ఒక కాగితం తీసుకుని గీత గీసి, తిన్న ప్రతిసారీ ఒక చుక్క పెట్టారు. నోట్లో తీపీ మెత్తటి పిండీ పడ్డ ప్రతిసారీ అక్కడుండే బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఓ అరగంట పాటు ఆ ఆమ్లం పంటి పైపొరని కరిగిస్తుంది. తర్వాత నోట్లో ఊరే లాలాజలం ఆ నష్టాన్ని మెల్లగా పూడుస్తుంది. పూడ్చడానికి వ్యవధి కావాలి. మనం గంటకోసారి ఏదో ఒకటి నోట్లో పెడుతూ పోతే ఇంక పూడ్చేదెప్పుడు? ఎంత తిన్నదీ ముఖ్యమే, ఎన్నిసార్లు తిన్నదీ అంతే ముఖ్యం అన్నారు. మన భాషలో చెప్పాలంటే సర్వర్‌కి మెయింటెనెన్స్ విండో ఇవ్వకుండా రోజంతా లోడు వేస్తున్నామన్నమాట. పైగా రాత్రి పాలు తాగాక బ్రష్ కూడా చెయ్యకుండానే పడుకోబెడుతున్నాం.

తిరిగొచ్చేటప్పుడు అక్క కారులో ఏడ్చింది. "నేను హెల్తీవే కదరా కొంటున్నా? మామూలు బిస్కెట్ల కంటే డబల్ రేటు పెట్టి కొంటున్నా." దానికి తోడు వాళ్ళత్తగారు వీడియో కాల్లో "ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళకి పిల్లల తిండి చూసే తీరికెక్కడ ఉంటుందిలే" అని ఓ చురక. నాకు ఒళ్ళు మండింది. అత్తగారి మీద తర్వాతొస్తా. ముందు ఆ ప్యాకెట్ల సంగతి చూద్దాం.

సాయంత్రం వాళ్ళ వంటింట్లో అరల్లో ఉన్నవన్నీ తీసి టేబుల్ మీద పెట్టి చదవడం మొదలెట్టాను. రాగి బిస్కెట్ల ప్యాకెట్టు మీద ముందువైపు రాగి కంకులు, పచ్చటి పొలం, నవ్వుతున్న పాప. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో: మైదా, చక్కెర, పామాయిల్, ఆ తర్వాత రాగి పిండి 9 శాతం. మన దేశంలో రూలు ప్రకారం ప్యాకెట్టులో ఏ పదార్థం బరువు ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలి. అంటే ఇది రాగి బిస్కెట్టు కాదు మహాప్రభో, రాగులు చల్లిన మైదా బిస్కెట్టు!

ఇంకో లెక్క కూడా చూడండి. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 340 మిల్లీగ్రాములుంటుంది. ఆవుపాలల్లో వంద మిల్లీలీటర్లకి సుమారు 120. కాబట్టి రాగులు గొప్పవే, సందేహం లేదు. కానీ 9 శాతం అంటే? వంద గ్రాముల బిస్కెట్లు మొత్తం తిన్నా రాగుల వల్ల వచ్చే కాల్షియం 31 మిల్లీగ్రాములు. పాతిక మిల్లీలీటర్ల పాలల్లో ఉన్నంత. ఆ కాస్త కాల్షియం కోసం పిల్ల ఒక ప్యాకెట్టు మైదా, చక్కెర, పామాయిల్ తినాలి.

ఇక చక్కెర. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పిన ప్రకారం రెండేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలకి విడిగా కలిపిన చక్కెర రోజుకి 25 గ్రాముల లోపుండాలి. అంటే ఆరు చెంచాలు. రెండేళ్ళలోపు వాళ్ళకైతే అసలు వద్దు. మరి చిన్నిదాని లెక్క: పాలపొడి రెండు పూటలా కలిపి 13 గ్రాములు. బిస్కెట్లు, కుకీలు కలిపి 14. జ్యూసు డబ్బా ఒక్కటే 26. మొత్తం 53. చాక్లెట్ ఒక్కటి కూడా తినకుండానే! చాక్లెట్ తినని పిల్ల రోజూ చాక్లెట్ తినే పిల్ల కంటే ఎక్కువ చక్కెర తింటోంది, దానికి మేం "హెల్తీ" అని పేరు పెట్టుకున్నాం.

ఇది మా ఒక్క ఇంటి గోల అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. గత కొన్నేళ్ళలో జరిగినవి గుర్తు చేసుకోండి.

2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే కుర్రాడు బోర్నవీటాలో ఎంత చక్కెరుందో చెప్తూ వీడియో పెట్టాడు. కంపెనీ లీగల్ నోటీసు పంపితే తీసేశాడు. కానీ అప్పటికే అది దేశమంతా తిరిగింది, బాలల హక్కుల కమిషన్ కంపెనీకి నోటీసిచ్చింది. ఆ ఏడాది చివరికల్లా కంపెనీ చక్కెర కొంత తగ్గించింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ షాపులన్నిటికీ ఒక మాట చెప్పింది: ఇలాంటి పొడుల్ని "హెల్త్ డ్రింక్స్" అనే అరలో పెట్టి అమ్మకండి అని. ఎందుకంటే మన ఆహార చట్టంలో అసలు "హెల్త్ డ్రింక్" అనే మాటకి నిర్వచనమే లేదు. మళ్ళీ చదవండి. నిర్వచనమే లేదు! మన చిన్నప్పట్నించీ టీవీలో చూసి, కొనిపించుకుని, మీసాలొచ్చేలా తాగిన హెల్త్ డ్రింకు అనేది చట్టం దృష్టిలో లేనే లేదు. అదే నెలలో హార్లిక్స్ వాళ్ళు కూడా ఆ పేరు వదిలేసి వేరే పేరు పెట్టుకున్నారు. డబ్బా మీద మాట మారింది, అంతే.

అదే 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విట్జర్లాండ్ సంస్థ ఇంకో సంగతి బయటపెట్టింది. నెస్లే వాళ్ళ సెరెలాక్‌లో మన దేశంలో అమ్మేదానికి ఒక్కో వడ్డనకి దాదాపు మూడు గ్రాముల చక్కెర కలిపి ఉంది. జర్మనీ, బ్రిటన్‌లలో అమ్మేదాంట్లో లేదు. కంపెనీ మేం రూల్స్ ప్రకారమే చేస్తున్నామంది, తర్వాత చక్కెర కలపని రకాలు ఇక్కడ కూడా తెస్తామని ప్రకటించింది. రూల్స్ ప్రకారమే అన్నది నిజమే కావచ్చు. కానీ ఒకే కంపెనీ, ఒకే వయసు పసిపిల్లలు, రెండు రకాల రెసిపీలు. మన ఆఫీసుల్లో అమెరికా క్లయింటుకి ఒక క్వాలిటీ, ఇండియా క్లయింటుకి ఇంకో క్వాలిటీ ఇస్తే ఏమంటాం దాన్ని?

ఇంకోటి మన ఊరి సంగతే. విరేచనాలైనప్పుడు పిల్లలకి పట్టే ఓఆర్ఎస్ తెలుసు కదా. ఆ పేరు పెట్టుకుని మందుల షాపుల్లో తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్మేవారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు ఉండాలి. వీటిల్లో దానికి ఎన్నో రెట్లు చక్కెర. విరేచనాలవుతున్న పిల్లకి అది పడితే నీళ్ళు నిలవడం మాట అటుంచి ఇంకా పోతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు దీనిమీద ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఒకసారి ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదంది, మూణ్ణెల్లకే చిన్న హెచ్చరిక వాక్యం వేసుకుని వాడుకోవచ్చు అని మెత్తబడింది. చివరికి 2025 అక్టోబర్‌లో ఆ పేరు వాడడానికి వీల్లేదని ఉత్తర్వులిచ్చింది. ఒక్క మాట డబ్బా మీంచి చెరపడానికి ఒక డాక్టరు అన్నేళ్ళు కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరగాల్సొచ్చింది!

ఈ మూడింట్లోనూ గొడవ లోపలున్న సరుకు ఒక్కదాని గురించే కాదు, డబ్బా మీది పేరు గురించి కూడా. అదే నా వాదన. "పిల్లలకి ఆరోగ్యకరమైన స్నాక్స్ ఎంచుకోవడం ఎలా" అని మనం అడుగుతున్న ప్రశ్నే తప్పు. ఆ ప్రశ్న అడిగిన మరుక్షణం మనం షాపులో ఒక అర ముందు నిలబడి, పది ప్యాకెట్లలో ఏది మంచిదా అని చూస్తున్నాం. ఆ పదీ ఒకే తానులో ముక్కలు. మల్టీగ్రెయిన్, మిల్లెట్, బేక్డ్ నాట్ ఫ్రైడ్, నో ట్రాన్స్ ఫ్యాట్... ఇవన్నీ ఏదో ఒక చిన్న నిజాన్ని ముందుకి తోసి పెద్ద నిజాన్ని వెనక్కి నెట్టే మాటలు. 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అనగానే జొన్నలూ రాగులూ పండించే రైతుకి ఏం ఒరిగిందో గానీ, మైదా ప్యాకెట్ల మీద మాత్రం కంకుల బొమ్మలు మొలిచాయి.

ఇక్కడ మన జాతి గురించి ఒక మాట. క్లయింటు పంపిన అగ్రిమెంటులో ఓ మూల చుక్క గుర్తు కనపడితే దాని కింద ఏం రాశాడా అని భూతద్దం పెట్టి వెతుకుతాం. ఫోను కొనాలంటే పద్నాలుగు రివ్యూలు చూస్తాం, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత అని ఎక్సెల్ షీటు వేస్తాం. అదే మనిషి పిల్ల నోట్లోకి రోజూ వెళ్ళేదాన్ని ముందువైపు బొమ్మ చూసి బుట్టలో వేసేస్తాడు. నన్ను నేను తిట్టుకుంటున్నానులెండి. ఆ పాలపొడి డబ్బా ప్రతి నెలా అక్కావాళ్ళింటికి తీసుకెళ్ళేది నేనే. చిన్నిది "మావయ్యా" అని ఎదురొస్తే ఆ డబ్బాతో వచ్చే ఫ్రీ బొమ్మ కోసం అని తెలిసి కూడా మురిసిపోయింది నేనే.

సరే, ఇది చెప్తే ఆఫీసులో వచ్చిన అభ్యంతరాలు ఇవీ.

ఒకటి, "టైమ్ ఎక్కడుంది బాస్?" నిజమే, ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పొద్దున్న ఏడింటికి బస్సొచ్చే లోపల వంట, టిఫిను, బాక్సు అంటే మాటలు కాదు. కానీ నేను సకినాలు వత్తమనడం లేదు. అరటిపండు వలవడానికి ఎంతసేపు పడుతుంది? రాత్రి గుప్పెడు శనగలు నానేస్తే పొద్దున్న కుక్కర్లో నాలుగు విజిల్స్‌కి గుగ్గిళ్ళు తయారు. మా ఫ్రెండు వాళ్ళ వరంగల్ వైపు గుడాలంటారు, పేరేదైనా పిల్లలు తింటారు. గుడ్డు ఉడకడానికి పది నిమిషాలు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, చిలగడదుంప, జామకాయ, ఓ డబ్బాలో పెరుగన్నం. వీటిల్లో దేనికీ వంటొచ్చి ఉండక్కర్లేదు, నాకే వచ్చు :-)

రెండు, "మా వాడు అవేం తినడు." మొదటిసారి పెడితే తినడు. కొత్త రుచికి పిల్లలు అలవాటు పడాలంటే పది సార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెట్టి చూడాలని పిల్లల తిండి మీద పనిచేసినవాళ్ళు ఎప్పట్నుంచో చెప్తున్నారు. మనం రెండోసారికే "వీడికి ఇష్టం లేదు" అని టికెట్ క్లోజ్ చేసేస్తాం. పైగా అది తినకపోతే బిస్కెట్టు వస్తుందని వాడికి తెలుసు. వాడి బుర్ర మన కంటే చురుకు.

మూడు, "మేమూ చిన్నప్పుడు తిన్నాం, ఏమైంది?" మనం తిన్నది వారానికో ప్యాకెట్టు, అదీ చుట్టాలొస్తే. మిగతా రోజుల్లో వీధిలో సాయంత్రం చీకటి పడేదాకా ఆడాం. ఇప్పుడు ఇంట్లో ఎప్పుడూ ఒక అర నిండుగా ఉంటుంది, ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో ఇంకోటి తలుపు దగ్గరికొస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో చూడండి. ఐదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్ళు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే సమయంలో రక్తహీనత ఉన్న పిల్లలు 58.6 నుంచి 67.1 శాతానికి పెరిగారు. ఒక పక్క బరువు, ఇంకో పక్క రక్తం లేకపోవడం. దీనికంతా బిస్కెట్లే కారణమని నేననను, పేదరికం నుంచి నులిపురుగుల దాకా సవాలక్ష ఉన్నాయి. కానీ పొట్ట నిండి పోషణ అందకపోవడం అంటే ఏంటో తెలుసుకోవడానికి ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

నాలుగోది వ్యతిరేక దిక్కు నుంచి. "అందుకే మన అమ్మమ్మల కాలంలో..." అని మొదలుపెట్టేవాళ్ళు. వీళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. సున్నుండలు మంచివే, నువ్వుండలు ఇంకా మంచివి. కానీ బెల్లం కూడా చక్కెరే స్వామీ! అందులో కాస్త ఇనుమూ అవీ ఇవీ ఉన్నా, పంటికి సంబంధించినంతవరకు రెండూ ఒకటే. జంతికలూ చేగోడీలూ ఇంట్లో వేయించినంత మాత్రాన నూనె మాయమైపోదు. పండక్కి చేసుకుని తినడానికి పెట్టిన వంటల్ని రోజువారీ తిండి చేసి "సంప్రదాయం" అనడం కూడా ముందువైపు బొమ్మలాంటిదే. ఆ రోజుల్లో అవి పండక్కే వచ్చేవి, మిగతా రోజుల్లో జామకాయలూ, రేగుపళ్ళూ, ముంజలూ, తేగలూ, పొత్తులూ. కాలం ప్రకారం ఏది దొరికితే అది. సంప్రదాయం కావాలంటే అది తెచ్చుకోండి.

ఇక అత్తగారి మాట. పిల్లకి పన్ను పుచ్చితే తల్లి ఉద్యోగం గుర్తొస్తుంది అందరికీ. బావగారి ఉద్యోగం ఎవరికీ గుర్తురాలేదు. ఆ బిస్కెట్లు తెచ్చేది ఆయన, పాలపొడి తెచ్చేది నేను, "అన్నం తింటే చాక్లెట్ ఇస్తా" అని అత్తగారే స్వయంగా లంచం మప్పారు (దాంతో పిల్లకి అర్థమయ్యేదేంటంటే అన్నం శిక్ష, చాక్లెట్ బహుమతి అని). అక్క చేసిన తప్పల్లా డబ్బా మీద రాసింది నమ్మడం. ఆ రాసినవాళ్ళని వదిలేసి నమ్మినదాన్ని తిట్టడం ఏం న్యాయం?

బళ్ళు కూడా తక్కువేం తినలేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో చేసిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలు బడి క్యాంటీన్లలోనే కాదు, బడికి 50 మీటర్ల లోపల కూడా అమ్మకూడదు. మీ పిల్లల బడి గేటు దగ్గర్నించి ఓ డెబ్భై అడుగులు వేసి చూడండి, ఎన్ని షాపులు తగుల్తాయో. లక్షల్లో ఫీజులు తీసుకునే బళ్ళల్లో పుట్టినరోజు అంటే క్లాసంతా చాక్లెట్లు పంచాల్సిందే. ఇంకో పక్క ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్ళల్లో 2023 మార్చి నుంచి మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడ్రోజులు రాగిజావ పెట్టడం మొదలెట్టారు, మిగతా మూడ్రోజులు పల్లీ చిక్కీ, గుడ్డు అంతకుముందునుంచే ఉన్నాయి. కాగితం మీద చూస్తే ఆ పిల్లల మెనూ మా చిన్నిదాని ఇంటర్నేషనల్ స్నాక్ బాక్సు కంటే మెరుగు!

ప్రభుత్వం ఏం చెయ్యాలో కూడా తెలియనిదేం కాదు. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు హద్దు దాటిన ప్యాకెట్ల మీద ముందువైపే నల్లటి అష్టభుజి ముద్ర వేయాలి. అలాంటి వాటి మీద పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మలు కూడా ఉండకూడదు. చదువురాని మనిషికి కూడా అర్థమవుతుంది. మన దగ్గర 2022లో నక్షత్రాల రేటింగు ఇద్దామని ముసాయిదా తెచ్చారు. అంటే చెత్తకి కూడా ఒకటో అరో నక్షత్రం వస్తుందన్నమాట. హెచ్చరిక అడిగితే మెడల్ ఇస్తామన్నట్టుంది. అడగాల్సింది హెచ్చరికే, అదీ ముందువైపే.

అక్కావాళ్ళింట్లో ఇప్పుడేం జరుగుతోందంటే, చిన్నిదాని చికిత్స ఒక పక్క పూర్తయింది, రెండో పక్క వచ్చే వారం. జ్యూసు డబ్బా మానేశారు. పాలు ఉత్త పాలే. మొదటి నాలుగు రోజులూ ఇల్లు పీకి పందిరేసింది, గ్లాసు కూడా విసిరికొట్టింది. ఐదో రోజు తాగింది, మొహం మాడ్చుకునే. బాక్సులో శనగలు పెడితే మొదటి రెండుసార్లూ అలాగే తిరిగొచ్చాయి. మూడోసారి సగం తిరిగొచ్చాయి. ఇంకా ఏడుసార్లుంది కదా అన్నాన్నేను. అక్క నవ్వింది, చాన్నాళ్ళకి.

మీతో ఒకటే మనవి. ఈసారి పిల్లలున్న ఇంటికి వెళ్ళేటప్పుడు బిస్కెట్ ప్యాకెట్టు బదులు అరడజను అరటిపళ్ళో, కిలో జామకాయలో తీసుకెళ్ళండి. వట్టి చేతుల్తో వెళ్ళకూడదన్న మన మర్యాదా నిలబడుతుంది. పిల్లలు మొహం ముడుచుకుంటారు, నిజమే. మావయ్యలం, బాబాయిలం, ఆ మాత్రం భరించలేమా?

తా.క.: ఒక జాగ్రత్త. నాలుగైదేళ్ళలోపు పిల్లలకి వేరుశెనగలు, శనగలు గింజలుగా పెట్టకండి, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. పొడి చేసో మెత్తగా మెదిపో పెట్టండి. ఇది ఏ ప్యాకెట్టు మీదా రాసి ఉండదు కాబట్టి చెప్తున్నా.